పాత సైకిలుకు ముందు గ్రీజు, ఆ తర్వాతే రంగు

సంపాదకులు గారికి,

నమస్కారం. పాత వస్తువులను పారేయకుండా మళ్లీ వాడుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అలాంటివి ఇంకా రావాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ అందులో పాత మౌంటెన్ బైకు గురించి రాసిన భాగం చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. తుప్పు గీకేసి, పాత స్టిక్కర్లు పీకేసి, నచ్చిన రంగు స్ప్రే కొడితే కొత్త సైకిలు తయారవుతుందని రాశారు. బేరింగుల ఊసు లేదు, బ్రేకుల ఊసు లేదు, ఫ్రేములో బీటలు ఉన్నాయేమో చూసుకోమన్న మాట కూడా లేదు. ఆ సలహా పట్టుకుని ఎవరైనా సైకిలుకు రంగు వేసి పిల్లల చేతికిచ్చి వాలులో వదిలితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. మోకాళ్లు అరిగిపోయిన మనిషికి కొత్త బట్టలు తొడిగి పరుగెత్తమన్నట్టు ఉంటుంది.

నేను మెషిన్ షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మర, బేరింగు, కొలత, ఇవే నా ఉద్యోగం. ఈమధ్య మా మనవరాలు ఒకరి దగ్గర పాత మౌంటెన్ బైకు కొని తెచ్చింది. 1990ల మొదట్లో తయారైన బండి. స్టీలు ఫ్రేము, సస్పెన్షన్ లేని మామూలు ఫోర్కు, ముందు మూడు వెనక ఏడు పళ్ల చక్రాలు. సీటు కదలదు, గేరు మారదు, పెడలు తిప్పితే గరగరమని చప్పుడు. "తాతయ్యా, ఏ రంగు వేద్దాం?" అని అడిగింది. "రంగు సంగతి చివర చూద్దాం అమ్మలూ, ముందు మొత్తం విప్పుదాం" అన్నాను. ఇద్దరం కూర్చుని ఆఖరి బాలు దాకా విప్పాం. ఈ రోజు అది ఏ చప్పుడూ లేకుండా నడుస్తోంది. ఆ పని చేతులతో చేశాం కాబట్టే ఈ నాలుగు మాటలు చెప్పే ధైర్యం చేస్తున్నాను.

అసలు ఇలాంటి బండి మీద ఇంత శ్రమ దేనికి అని కొందరికి అనిపించవచ్చు. ఈ జాతి సైకిళ్లు ఎలా పుట్టాయో తెలిస్తే ఆ ప్రశ్న రాదు. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ అనే చోట, కొందరు కుర్రాళ్లు లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్లను కొండదారుల్లో కిందికి ఉరికించేవాళ్లు. 1976 అక్టోబరులో అక్కడ రీప్యాక్ అనే పోటీ మొదలైంది. ఆ సైకిళ్లకు పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కొండ దిగేసరికి ఆ వేడికి వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బులో గ్రీజు పొగలు కక్కి కాలిపోయేది. మళ్లీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు నింపాల్సిందే, అందుకే పోటీకి రీప్యాక్ అని పేరు. ఆ మనుషుల్లో ఒకడైన జో బ్రీజ్ 1977లో కొండదారుల కోసమే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. ఆ మొదటి సైకిలు ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థవారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో ఈ సైకిళ్లు అమ్మడం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైకును పెద్ద సంఖ్యలో తయారుచేసి అమ్మింది. 1982లో సైకిలు భాగాలు చేసే షిమానో వాళ్లు కొండ సైకిళ్ల కోసమే డియోర్ ఎక్స్‌టీ అనే సామాను తెచ్చారు. 1989లో రాక్‌షాక్స్ వాళ్ల సస్పెన్షన్ ఫోర్కు వచ్చింది. ఆ తర్వాత రకరకాల స్ప్రింగులు, రబ్బర్లు, ఆయిలు గొట్టాలు వచ్చి చేరాయి.

నా దృష్టిలో అసలైన కాలం 1980ల మధ్య నుంచి 1990ల మొదటి దాకా. అప్పటి మంచి బండ్లలో ప్రతి భాగాన్నీ విప్పవచ్చు, కడగవచ్చు, అరిగిన ముక్క ఒక్కటే మార్చి మళ్లీ బిగించవచ్చు. బేరింగు అంటే కప్పు, దానిలోకి దిగే కోను, మధ్యలో బాల్స్, అంతే. చేసినవాళ్లు దాన్ని మళ్లీ విప్పుతారని తెలిసే చేశారు. నాలాంటివాడికి అంతకంటే గౌరవం ఇంకేం కావాలి!

ఇక ఫ్రేము. మీ వ్యాసంలో పీకేయమన్న స్టిక్కరే సైకిలుకు గుర్తింపు కార్డు. సీటు కింది గొట్టం మీద క్రోమోలీ అనో, 4130 అనో, టాంగే, రేనాల్డ్స్ లాంటి గొట్టాల తయారీదారు పేరో ఉంటే అది పట్టుకోదగ్గ బండి. క్రోమోలీ అంటే ఇనుములో సుమారు 1 శాతం క్రోమియం, 0.2 శాతం మాలిబ్డినం కలిసిన ఉక్కు. మామూలు ఉక్కు కంటే బలం ఎక్కువ కాబట్టి గొట్టాన్ని పలచగా చేయవచ్చు, బరువు తగ్గుతుంది. మంచి ఫ్రేముల్లో గొట్టం అతుకుల దగ్గర మందంగా, మధ్యలో పలచగా ఉంటుంది. స్టిక్కరు పోయిన బండి అయితే సీటు రాడ్డు వ్యాసం కొలవండి. సీటు గొట్టం బయటి కొలత 28.6 మిల్లీమీటర్లు, రాడ్డు 27.2 ఉంటే గొట్టం గోడ 0.7 మిల్లీమీటర్లకు మించదు. అదే గొట్టంలో 25.4 రాడ్డు ఉంటే అది మందపాటి, బరువైన, చవక రకం గొట్టమని ఇట్టే తెలిసిపోతుంది. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ ఒక్కటి చేతిలో ఉంటే చాలు, అమ్మేవాళ్ల మాట మీద ఆధారపడక్కర్లేదు.

బీటలు వెతకాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. హ్యాండిల్ తిరిగే ముందు గొట్టానికి కిందనుంచి వచ్చే పెద్ద గొట్టం అతుక్కున్న చోట, ముఖ్యంగా దాని అడుగు వైపు. పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం చుట్టూ. వెనక చక్రం కూర్చునే చీలికల దగ్గర. సీటు బిగించే చోట గాటు కింద. రంగు మీద వెంట్రుకలాంటి గీత, దాని వెంబడి తుప్పు మరక కనిపిస్తే ఆగిపోవాలి. ఎవరో ముందు కొండకో గోడకో గుద్దిన బండి అయితే ముందు గొట్టం వెనకాల రంగు ముడతలు పడి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఇవన్నీ పాత రంగు మీద కనిపించేవే. పైన కొత్త పెయింటు దట్టంగా కొడితే ఆ గీత, ఆ ముడత రెండూ దాని కిందికి పోతాయి. అందుకే నేను తాజాగా రంగు వేసిన పాత సైకిలు ఎవరైనా అమ్ముతుంటే కొనవద్దని చెబుతాను. అసలు రంగుతో, మాసిపోయి, గీతలు పడి ఉన్న బండే నమ్మదగ్గది.

ఫ్రేము వంకర పోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక దారం చాలు. వెనక చక్రం తీసేసి, ఒక వైపు చీలికకు దారం కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి తెచ్చి రెండో వైపు చీలికకు బిగించి కట్టాలి. ఇప్పుడు సీటు గొట్టానికి, దారానికి మధ్య దూరం రెండు వైపులా కొలవాలి. రెండూ సమానంగా వస్తే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటే పరవాలేదు. అంతకు మించితే స్టీలు ఫ్రేమును చల్లగా ఉన్నప్పుడే వంచి సరిచేయవచ్చు, తెలిసినవాళ్ల చేత చేయించాలి. అల్యూమినియం ఫ్రేమును మాత్రం అలా వంచకూడదు.

అల్యూమినియం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఉక్కుకు ఒక హద్దు ఉంది, దానికి లోపల ఎన్నిసార్లు బరువు పడినా అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న కుదుపైనా సరే, లెక్కలో పడుతూనే ఉంటుంది. కాబట్టి పాత బండికి హ్యాండిల్ రాడ్డు, దాన్ని పట్టుకునే స్టెమ్ అల్యూమినియంవి అయితే, ఎంత బాగా కనిపించినా, మార్చేయడమే మేలు. మా బండికి నేను మొదట మార్చింది హ్యాండిల్ రాడ్డునే. అది విరిగితే ముఖం నేలకు తగులుతుంది. పెడళ్లు బిగించే క్రాంకు చేతుల మొదట్లో కూడా బీటలు చూడాలి.

ఇప్పుడు సీటు రాడ్డు సంగతి. పాత సైకిళ్లతో పనిచేసే ఎవరినైనా అడగండి, అన్నిటికంటే కష్టం ఇదేనంటారు. గొట్టం ఉక్కు, రాడ్డు అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాల మధ్య నీరు, చెమట చేరితే అల్యూమినియం తినేయబడుతుంది. అలా పుట్టే తెల్లటి పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సందు మొత్తం నిండిపోయి రాడ్డు, గొట్టం ఒకే ముక్కలా బిగుసుకుంటాయి. చాలామంది ఇక్కడే సహనం పోగొట్టుకుని సుత్తి అందుకుంటారు. సుత్తి దెబ్బలతో పలచటి గొట్టం సొట్టపోతుంది, రాడ్డు మాత్రం రాదు.

మేం చేసింది ఇది. సీటు బోల్టు, దాని పట్టీ పూర్తిగా తీసేశాం. కింద పెడళ్ల ఇరుసు కూడా విప్పేశాక సైకిలును తలకిందులుగా నిలబెట్టి, ఆ ఇరుసు గొట్టంలోంచి సీటు గొట్టం లోపలికి తుప్పు వదిలించే పలచటి ఆయిలు పోశాం. అప్పుడు ఆయిలు తనంతట తాను రాడ్డు అడుగుకు దిగుతుంది. పైనుంచి పోస్తే పెదవి దగ్గరే ఆగిపోతుంది. అలా నాననిచ్చి, మధ్యమధ్యలో మళ్లీ పోస్తూ వచ్చాం. వేడి చేయకూడదా అని మనవరాలు అడిగింది. మంచి ప్రశ్న. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే సుమారు రెండింతలు సాగుతుంది. రాడ్డు లోపల ఉంది కాబట్టి వేడి చేస్తే ఇంకా బిగుసుకుంటుంది. చల్లబరిస్తే అంతకంత కుదించుకుంటుంది. అందుకని రాడ్డు మీదే ఐసు పెట్టాం. తర్వాత సీటు తీసేసి రాడ్డు తలను బెంచి వైసులో గట్టిగా బిగించి, ఫ్రేమునే పొడవాటి పానాలా పట్టుకుని ఇద్దరం మెల్లగా అటూ ఇటూ తిప్పాం. ముందు కిర్రుమంది. ఆ చప్పుడు విన్నాక వదలకూడదు, తిప్పుతూ కొద్దికొద్దిగా లాగాలి. వచ్చేసింది. మా అమ్మాయి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, మేమిద్దరం వేసిన కేకకు.

అలా రాకపోతే రాడ్డును పైన కోసేసి, లోపలనుంచి హాక్సా బ్లేడుతో నిలువుగా గాటు పెట్టి ముడుచుకునేలా చేయడం ఒక దారి. ఓపిక కావాలి, గొట్టాన్ని కోయకుండా చేతికి లెక్క తెలిసి ఉండాలి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగించే మాట నిజమే. కానీ దాంతో హైడ్రోజన్ వాయువు పుడుతుంది, చర్మం మీద పడినా కంట్లో పడినా ప్రమాదం. ఇంట్లో ఎవరూ ఆ పని చేయవద్దని బతిమాలుతున్నాను. రాడ్డు బయటికి వచ్చాక గొట్టం లోపల శుభ్రం చేసి, గ్రీజు రాసి, సరైన కొలత రాడ్డే దించాలి. ఈ రాడ్డులు 0.2 మిల్లీమీటర్ల తేడాతో వస్తాయి. 27.0 పట్టాల్సిన చోట 26.8 పెడితే దూరుతుంది, బిగుస్తుంది కూడా, కానీ పట్టీ పెదవులు ముడుచుకుపోయి గొట్టం చెడుతుంది.

పెడళ్ల ఇరుసు విప్పేటప్పుడు మర దిశ తెలియక చాలా ఫ్రేములు పాడవుతాయి. ఈ తరం మౌంటెన్ బైకుల్లో ఎక్కువ వాటికి చైను ఉండే కుడివైపు కప్పుకు ఉల్టా మర ఉంటుంది. అంటే గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. ఎడమవైపు కప్పుది మామూలు మర. పెడళ్ల విషయంలో ఎడమ పెడలుకు ఉల్టా మర. తొక్కేటప్పుడు తిరిగే బరువు వల్ల ఈ భాగాలు తమంతట తాము వదులుకాకుండా ఉండాలని అలా చేశారు. ఇది తెలియనివాళ్లు బిగించే వైపే బలమంతా పెట్టి, కప్పు రాలేదని తిట్టుకుంటారు. ఇక క్రాంకులు ఇరుసు నుంచి ఊడదీయడానికి పుల్లరు ఉంటుంది. దాన్ని ఎక్కించేముందు లోపలి బోల్టుతోపాటు వాషరు కూడా తీశామో లేదో టార్చి వేసి చూడాలి. వాషరు ఉండిపోతే పుల్లరు క్రాంకులోని మరను పెరికేస్తుంది. తర్వాత ఆ క్రాంకు తీయడం చాలా కష్టం.

మా బండి ఇరుసులో గ్రీజు ఎండి గోధుమరంగు మైనంలా గట్టిపడి ఉంది. కిరసనాయిలులో బ్రష్షుతో కడిగాం. కప్పు లోపలి దారి బాగుందో లేదో చూడటానికి నా కళ్లు ఇప్పుడు సరిపోవు. బాల్ పాయింట్ పెన్ను మొన దారి వెంట మెల్లగా జరిపితే చాలు. ఎక్కడైనా గుంట ఉంటే మొన టక్కున తడుతుంది. కుడి కప్పు నునుపుగా ఉంది, ఎడమ కప్పులో, ఇరుసు మీద గుంటలు పడ్డాయి. అలాంటప్పుడు కొత్త బాల్స్ వేసినా ప్రయోజనం లేదు. మొత్తం తీసేసి, ఇరుసు, బేరింగులు ఒకే డబ్బాలో మూసి ఉండే సీల్డ్ కార్ట్రిడ్జ్ వేశాం. దానికి గొట్టం వెడల్పు 68 మిల్లీమీటర్లా 73 మిల్లీమీటర్లా కొలవాలి, ఇరుసు పొడవు పాతదానితో సమానంగా ఉండాలి. పొడవు మారితే చైను వంకరగా నడుస్తుంది.

హబ్బులు మాత్రం అదృష్టవశాత్తూ పాతవే నిలిచాయి. ముందు హబ్బులో సాధారణంగా 3/16 అంగుళాల బాల్స్ ఒక్కో వైపు పది, వెనక హబ్బులో 1/4 అంగుళాల బాల్స్ ఒక్కో వైపు తొమ్మిది ఉంటాయి. కప్పు, కోను బాగున్నా బాల్స్ మాత్రం ప్రతిసారీ కొత్తవే వేయాలని నా పట్టుదల. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి కలిపితే బరువంతా పెద్దవాటి మీదే పడుతుంది. లైన్‌లో కొంచెం సందు కనిపిస్తే అది ఉండాల్సిందే, ఇంకో బాలు ఇరికించకూడదు. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైనది కోను సర్దుబాటు. బిగిస్తే గరగర, వదిలితే లొటలొట. రెండిటి మధ్య సరైన చోటు ఒక్కటే ఉంటుంది, అది వేళ్లకే తెలుస్తుంది. పానా లేకుండా లీవరుతో బిగించే క్విక్ రిలీజ్ హబ్బు అయితే ఇంకో మెలిక ఉంది. లీవరు మూసినప్పుడు ఇరుసు కొద్దిగా నొక్కుకుపోతుంది. అందుకని చక్రం చేతిలో ఉన్నప్పుడు రవ్వంత ఆట ఉంచాలి, ఫ్రేములో బిగించాక ఆ ఆట పోవాలి. మా మనవరాలి వేళ్లకు ఆ లెక్క నాకంటే త్వరగా పట్టుబడింది. కోను పట్టుకోవడానికి పలచటి స్పానర్లు కావాలి, మామూలు పానా ఆ సందులో దూరదు.

గేరు మార్చే ట్రిగ్గర్లు నొక్కితే లోపల ఏదీ పట్టుకోవడం లేదు. ఆ కాలపు ట్రిగ్గరు షిఫ్టర్లలో ఇది తరచూ కనిపిస్తుంది, చాలామంది చెడిపోయాయని తీసి పారేస్తారు. నిజానికి చెడేది గ్రీజు. ఏళ్ల తరబడి వాడక అది జిగురులా గట్టిపడి, లోపలి చిన్న కొక్కేలను అంటుకుని కదలనివ్వదు. మూత తీసి, డీగ్రీజరు కొట్టి, ట్రిగ్గరును నొక్కుతూ వదులుతూ ఉంటే మురికి కారిపోతుంది. ఒకసారికి రాకపోతే మళ్లీ కొట్టాలి. టక్ మని మొదటి గేరు పట్టుకున్నప్పుడు మనవరాలి ముఖం చూడాల్సింది. శుభ్రమయ్యాక పలచటి ఆయిలు చుక్కలు వేస్తే సరిపోతుంది. ఇంకోసారి చిక్కటి గ్రీజు కూరితే పాత కథే.

చైను అరిగిందో లేదో చూడటానికి స్టీలు స్కేలు చాలు. ఒక పిన్ను నడుమ నుంచి, దాన్ని లెక్కపెట్టకుండా, ఆ తర్వాత వచ్చే ఇరవై నాలుగో పిన్ను నడుమకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైను మార్చాలి. ఎనిమిదో వంతు వచ్చిందంటే దానితోపాటు వెనక పళ్ల చక్రాలు కూడా అరిగినట్టే, వాటి మీద కొత్త చైను ఎగిరెగిరి పడుతుంది.

బ్రేకుల దగ్గర కాస్త ఆగాలి, నా ఉత్తరానికి ముఖ్య కారణం ఇవే. ఆ కాలపు బండ్లకు క్యాంటీలీవర్ బ్రేకులుంటాయి. రెండు చేతులు, వాటిని కలుపుతూ టైరు మీదుగా ఒక అడ్డ తీగ, దాని మధ్యలో లీవరు నుంచి వచ్చే ప్రధాన కేబులు. ముందు బ్రేకు ప్రధాన కేబులు తెగితే ఆ అడ్డ తీగ జారి, బుడిపెలున్న టైరు మీద పడి, చక్రాన్ని ఒక్కసారిగా ఆపేయగలదు. మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు ఎగిరిపడతాడు. ముందు ఫోర్కుకు బిగించే రిఫ్లెక్టరు ముక్క ఆ తీగను టైరు మీద పడకుండా ఆపడానికి కూడా పనికొస్తుంది. అందంగా లేదని దాన్ని తీసేసేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. కేబుళ్లు, వాటి పై గొట్టాలు మొత్తం కొత్తవి వేయాలి, ఇక్కడ పొదుపు చూడకూడదు. బ్రేకు గొట్టం లోపల స్ప్రింగులా చుట్టిన ఉక్కు తీగ ఉంటుంది. గేరు గొట్టంలో తీగలు నిలువుగా ఉంటాయి. చూడటానికి రెండూ ఒకటే. గేరు గొట్టం బ్రేకుకు వేస్తే, గట్టిగా పట్టినప్పుడు అది పగిలిపోవచ్చు, బ్రేకు పూర్తిగా పోతుంది. పెట్టెలో మిగిలిన ముక్క కదా అని వాడకండి.

బ్రేకు రబ్బర్లు చూడటానికి నిండుగా ఉన్నా, ఏళ్లకు రాయిలా గట్టిపడతాయి. గోరు గుచ్చితే దిగకపోతే మార్చాలి. రిమ్ము పక్క గోడ లోపలికి గుంటపడి ఉంటే రబ్బర్లతోపాటు రిమ్ము ఆయుష్షు కూడా అయిపోయినట్టే. 1996లో వచ్చిన, పొడవాటి చేతులుండే వీ బ్రేకులు, పాత బ్రేకులు తగిలించిన ఫ్రేము, ఫోర్కు బుడిపెలకే బిగించుకోవచ్చు, కానీ వాటికి ఎక్కువ తీగ లాగే లీవర్లు కావాలి. పాత లీవర్లతో వీ బ్రేకులు కలిపితే లీవరు పట్టు మెత్తగా అనిపిస్తుంది, చక్రానికి, రబ్బరుకు మధ్య సందు సరిపోదు.

టైర్లు కొనేటప్పుడు 26 అంగుళాలు అని మాత్రమే చెప్పి తెచ్చుకోవద్దు. ఆ పేరుతో రకరకాల కొలతలున్నాయి. మౌంటెన్ బైకు రిమ్ము 559 మిల్లీమీటర్లది. 26 × 1 3/8 అని భిన్నంలో రాసి ఉన్న టైరు 590 రిమ్ముది, 26 × 1 1/2 టైరు 584 రిమ్ముది. ఇవి ఒకదానికొకటి పట్టవు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే 559 అంకె వెతకాలి.

సస్పెన్షన్ ఫోర్కు ఉన్న పాత బండి తీసుకున్నవాళ్లకు ఒక్క మాట. 1990ల ఫోర్కుల్లో చాలావాటిలో స్ప్రింగు బదులు రబ్బరులాంటి ముక్కలు ఉండేవి. అవి కాలక్రమంలో ముద్దగా కరిగిపోతాయి, లేదా రాయిలా అయిపోతాయి. బయటినుంచి ఫోర్కు మెరుస్తున్నా లోపల ఏమీ ఉండకపోవచ్చు. అదే పొడవున్న మామూలు స్టీలు ఫోర్కు వేసుకోవడం నయం.

ఇప్పుడు రంగు. సబ్బు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, మైనం పాలిష్ పెడితే పాత రంగు ఎంత బాగుంటుందో చూస్తే మీరూ ఆశ్చర్యపోతారు. రంగు రాలి లోహం కనిపించే చోట మాత్రం తుప్పు గీకి, ప్రైమరు వేసి, దగ్గరి రంగు చుక్క పెట్టాలి. లోపలి తుప్పే అసలు శత్రువు. గొట్టాల్లోకి నూనె స్ప్రే చేసి, ఫ్రేమును అన్ని వైపులా తిప్పి పట్టించాం. ఫ్రేము నిజంగా పూర్తిగా రంగు ఊడిపోయి ఉంటే వేయించుకోవచ్చు, నేను కాదనను. కానీ అప్పుడు కూడా ముందు లోహం మొత్తం బయటపెట్టి, బీటలు లేవని చూసుకుని, మరలకు, బేరింగు కప్పులు కూర్చునే చోట్లకు పెయింటు పడకుండా మూతలు పెట్టి వేయించాలి. మరలో పెయింటు పడిన ఫ్రేములు నేను చూశాను. అలాంటిదాంట్లో కప్పు వంకరగా ఎక్కి మర తెగిపోతుంది.

సంపాదకులు గారూ, నా మనవి రెండే. మొదటిది, మీ వ్యాసానికి దిద్దుబాటుగా, పాత సైకిలు ఎక్కేముందు ఫ్రేము, హ్యాండిల్ రాడ్డు, బ్రేకు కేబుళ్లు, రబ్బర్లు చూసుకోవాలన్న సంగతి చిన్న పెట్టెలో అయినా వేయండి. ఆ వ్యాసం చదివి ఇప్పటికే స్ప్రే డబ్బా చేతిలో పట్టుకున్నవాళ్లు ఉండవచ్చు, వాళ్లకు ఇది చేరాలి. రెండోది, మీ అనుబంధంలో రిపేరుకు కాస్త చోటు ఇవ్వండి. సామాను విప్పడం, కొలవడం, బిగించడం తెలిసిన పాతకాలపు మనుషులు ఇంకా ఉన్నారు. అడిగితే చెబుతారు, రాయడం రాకపోతే మీ విలేకరులు రాసుకోవచ్చు. చెప్పేవాళ్లు లేక, తెలిసినవాళ్లను అడిగేవాళ్లు లేక మంచి క్రోమోలీ ఫ్రేములు తూకానికి పోతున్నాయి.

ఈ ఉత్తరం చదివే తయారీదారులు ఎవరైనా ఉంటే వాళ్లకూ ఒక విన్నపం. 27.5, 29 అంగుళాల చక్రాలు వచ్చాక 26 అంగుళాల మంచి రిమ్ములు, టైర్లు కొత్త బండ్లలో తగ్గిపోయాయి. 559 టైర్లు, ఏడు పళ్ల చక్రాలుండే ఫ్రీ వీళ్లు, చతురస్రపు ఇరుసు కార్ట్రిడ్జులు, హబ్బు కోన్లు చేయడం దయచేసి ఆపకండి. చిన్న సామాను దొరికినంత కాలం ఆ ఫ్రేములు నడుస్తాయి. సరైన కోను ఒక్కటి దొరక్క హబ్బు, హబ్బు దొరక్క చక్రం, చక్రం కోసం సైకిలే మూలన పడటం నాకు సహించదు.

ముందు చక్రానికి కొద్దిగా బెండు ఉంది, ఈ వారం స్పోకులు సరిచేసి తీస్తాం. అంతవరకు బండి నెమ్మదిగానే తొక్కమని మనవరాలికి చెప్పాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టరు